రాగిలో బిస్మత్ కలపాలా, ప్లాటినంలో బంగారమా? స్పిన్ కరెంట్ కోసం మెటల్ ఎంచుకునే ముందు

మా జూనియర్ ఒకబ్బాయి మొన్న ఫోన్ చేసి "అన్నా, స్పిన్ హాల్ యాంగిల్ అన్నిటికంటే ఎక్కువున్న మెటల్ ఒక్కటి చెప్పు, టార్గెట్ ఆర్డర్ పెట్టేస్తా" అన్నాడు. (టార్గెట్ అంటే ఫిల్మ్ వేయడానికి కొనే మెటల్ బిళ్ళ, స్పిన్ హాల్ యాంగిల్ అంటే చార్జ్ కరెంట్‌లో ఎంత వంతు స్పిన్ కరెంట్ అవుతుందో చెప్పే నంబర్.) వెంటనే పేరు చెప్పబుద్ధి కాలేదు, ఎందుకంటే ఆ ఒక్క నంబర్ చూసి మెటల్ కొనేసి ఏడాది పోగొట్టుకున్నవాళ్ళని చూశాను, అందులో నేనూ ఉన్నాను. వాడికి గంటసేపు ఫోన్లో చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా, స్పింట్రానిక్స్‌లోకి (ఎలక్ట్రాన్ చార్జ్‌తో పాటు దాని స్పిన్‌ని, అంటే అప్ లేదా డౌన్ అనే చిన్న అయస్కాంత దిశని, వాడుకునే ఫీల్డ్) కొత్తగా వచ్చి ప్లాటినమా టాంటలమా రాగిలో ఏదన్నా కలపాలా అని తేల్చుకోలేకపోతున్న వాళ్ళకోసం.

ముందే ఒక మాట. ఈ ఫీల్డ్‌లో కల్తీ అనేది తిట్టు కాదు. మెటల్‌లో వేరే ఎలిమెంట్ అణువులు (ఆటమ్స్ అని నా ఉద్దేశం) కొన్ని పడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, అది మనకి ఇంటర్ నుంచే తెలుసు, కానీ ఆ అణువులు సరైనవైతే చార్జ్ కరెంట్‌ని స్పిన్ కరెంట్‌గా మార్చే పని కూడా అవే చేసిపెడతాయి. ఏ కల్తీ, ఎంత, అది ఏ రకంగా పనిచేస్తోంది, ఈ మూడూ తెలిసాకే ఆర్డర్ పెట్టాలని నా పట్టు.

## కల్తీ అసలు ఏం చేస్తుంది

క్రికెట్ చూసేవాళ్ళకి ఇది తేలిగ్గా ఎక్కుతుంది. పిచ్ మీద బౌలర్ల కాళ్ళు పడి గరుకైన చోటు ఉంటుంది కదా, రఫ్ అంటాం. ఆ రఫ్‌లో ఆఫ్ స్పిన్ బంతి పడితే ఒక పక్కకి తిరుగుతుంది, లెగ్ స్పిన్ పడితే రెండో పక్కకి, చోటు అదే, బంతి అదే, తిప్పిన దిశ ఒక్కటే తేడా. మెటల్‌లో కూడా అంతే, ఎలక్ట్రాన్ వెళ్ళి ఇరిడియం లాంటి బరువైన అణువుని గుద్దుకున్నప్పుడు స్పిన్ ఆర్బిట్ కప్లింగ్ (ఎలక్ట్రాన్ స్పిన్‌కీ దాని కదలికకీ ఉండే లింక్) వల్ల స్పిన్ అప్ ఎలక్ట్రాన్లు కాస్త ఎక్కువగా ఒక పక్కకి, స్పిన్ డౌన్‌వి రెండో పక్కకి పోతాయి. రెండు పక్కలకీ సమానంగా పోయేసరికి అడ్డంగా చార్జ్ ఏమీ కదలదు, కానీ స్పిన్ కదులుతుంది, అదే స్పిన్ కరెంట్. ఈ ఊహ 1971లోనే డ్యాకనోవ్, పెరెల్ రాశారు, స్పిన్ హాల్ ఎఫెక్ట్ అన్న పేరు 1999లో హిర్ష్ పెట్టాడు, 2004లో సెమీకండక్టర్‌లో కంటికి కనపడింది, 2006 కల్లా మెటల్స్‌లో కొలిచారు.

ఇలా గుద్దుకుని తిరగడాన్ని స్క్యూ స్కాటరింగ్ అంటారు. గుద్దుకున్నప్పుడు దిశ మారకుండా ఎలక్ట్రాన్ దారి మొత్తం కొంచెం పక్కకి జరిగితే అది సైడ్ జంప్. మూడోది ఇంట్రిన్సిక్, దీనికి గుద్దుకోవడంతో పనే లేదు, మంచి స్పిన్నర్ వేసిన బంతి నేల తాకకముందే గాల్లో డ్రిఫ్ట్ అయినట్టు క్రిస్టల్ బ్యాండ్ స్ట్రక్చరే (క్రిస్టల్‌లో ఎలక్ట్రాన్లకి ఉండే శక్తుల అమరిక) ఎలక్ట్రాన్‌ని పక్కకి లాగుతుంది. ప్లాటినంలో మామూలుగా జరిగేది ఎక్కువగా ఇదే.

ఈ మూడిటి తేడా థియరీ పేపర్లకే పరిమితం అనుకోకండి, మీ ఎంపిక మొత్తం దీనిమీదే ఆధారపడుతుంది. స్క్యూ స్కాటరింగ్‌లో కల్తీ వల్ల వచ్చే రెసిస్టివిటీ ఎంత పెరిగితే స్పిన్ హాల్ రెసిస్టివిటీ (అడ్డంగా పుట్టే స్పిన్ సిగ్నల్‌ని రెసిస్టివిటీ లెక్కలో రాస్తే వచ్చేది) అంతే నిష్పత్తిలో పెరుగుతుంది, అంటే యాంగిల్ కల్తీ శాతం మీద ఆధారపడదు, ఏ ఎలిమెంట్ అన్నదాని మీదే ఆధారపడుతుంది. ఇంట్రిన్సిక్, సైడ్ జంప్ రెండిట్లోనూ స్పిన్ హాల్ రెసిస్టివిటీ మొత్తం రెసిస్టివిటీకి వర్గంగా పెరుగుతుంది, కాబట్టి మెటల్‌ని ఎంత మురికి చేస్తే యాంగిల్ అంత పెరుగుతుంది, ఒక హద్దు వరకు. ఇక్కడ కల్తీ ఎలక్ట్రాన్‌ని తిప్పట్లేదు, దారిలో అడ్డుపడి ముందుకెళ్ళే కరెంట్‌ని తగ్గిస్తోంది, అడ్డంగా పోయే స్పిన్ కరెంట్ మాత్రం తగ్గట్లేదు. రెంటినీ "ఇంప్యూరిటీ వల్ల పెరిగింది" అనే రాస్తారు పేపర్లలో, కానీ అవి రెండు వేరే కథలు.

## ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది స్పిన్ హాల్ యాంగిల్, అంటే పెట్టిన చార్జ్ కరెంట్ డెన్సిటీలో ఎంత వంతు స్పిన్ కరెంట్ డెన్సిటీ అయిందన్న లెక్క. గుర్తు ప్లస్సా మైనస్సా కూడా చూడండి. టెరాహెర్ట్జ్ ఎమిటర్లలో (టెరాహెర్ట్జ్ తరంగాలు పుట్టించే పరికరాలు) ఫెర్రోమాగ్నెట్‌కి, అంటే ఇనుము లాంటి అయస్కాంత పొరకి, ఒక పక్క టంగ్‌స్టన్, ఇంకోపక్క ప్లాటినం పెట్టేది వీటి గుర్తులు వ్యతిరేకం కాబట్టే, రెండు పక్కల సిగ్నలూ కలిసొస్తాయి.

రెండోది రెసిస్టివిటీ, కొత్తవాళ్ళు దాదాపు ఎవరూ సరిగ్గా చూడరు. మీకు కావాల్సిన స్పిన్ కరెంట్ రావాలంటే పెట్టాల్సిన చార్జ్ కరెంట్ యాంగిల్‌కి విలోమంగా ఉంటుంది, వేడి మాత్రం కరెంట్ వర్గం ఇంటూ రెసిస్టివిటీ, కాబట్టి చూడాల్సిన నంబర్ రెసిస్టివిటీని యాంగిల్ వర్గంతో భాగిస్తే వచ్చేది, తక్కువుంటే మంచిది. ప్లాటినంకి 20 మైక్రో ఓమ్ సెంటీమీటర్, యాంగిల్ 0.07 వేస్తే 4,100 దగ్గర వస్తుంది. బీటా టాంటలం (బీటా అంటే దాని ఒక క్రిస్టల్ రూపం, ఫేజ్ అంటాం) యాంగిల్ గుర్తు వదిలేస్తే 0.15, ప్లాటినంకి రెట్టింపు పైనే, కానీ రెసిస్టివిటీ 190, లెక్కేస్తే 8,400. యాంగిల్ చూస్తే గెలిచినట్టుంది, కరెంటు బిల్లు చూస్తే ఓడిపోయింది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, షంటింగ్. మీ స్పిన్ హాల్ మెటల్ మీద ఫెర్రోమాగ్నెట్ లేయర్ ఉంటుంది కదా, కోబాల్ట్ ఐరన్ బోరాన్ అయితే రెసిస్టివిటీ 170 దగ్గర ఉంటుంది. కింద 190 ఉన్న టాంటలం అదే మందంలో ఉంటే సగం పైన కరెంట్ పైలేయర్‌లోంచే పోతుంది, అది స్పిన్ కరెంట్‌గా మారదు, ఊరికే వేడి. కింద ప్లాటినం ఉంటే ఎక్కువ భాగం ప్లాటినంలోనే ఉంటుంది.

మూడోది స్పిన్ డిఫ్యూజన్ లెంగ్త్, స్పిన్ ఎంత దూరం మర్చిపోకుండా పోతుంది అని. శుద్ధమైన రాగిలో రూమ్ టెంపరేచర్‌లో వందల నానోమీటర్లు, ప్లాటినం, టాంటలం లాంటి వాటిలో కొన్ని నానోమీటర్లే. ఇది చిన్నదైతే పలచని ఫిల్మ్ సరిపోతుంది, డివైస్‌కి అది లాభమే. కానీ దీన్ని తప్పుగా కొలిస్తే యాంగిల్ కూడా తప్పొస్తుంది, ఎందుకంటే చాలా కొలతల్లో బయటికి తేలేది ఈ రెండూ కలిసిన నంబరే.

నాలుగోది, ఆ కల్తీ పెట్టినచోట ఉంటుందా లేదా. కరుగుతుందా, వేడికి బయటికొచ్చేస్తుందా. చిప్ ప్రాసెస్‌లో 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి తట్టుకోవాలి. అయిదోది మీ ల్యాబ్‌లో ఉన్న సామాను, దాని గురించి చివర్లో.

| మెటల్ | యాంగిల్ | రెసిస్టివిటీ, మైక్రో ఓమ్ సెం.మీ. | కల్తీ పాత్ర | ఇబ్బంది |
|---|---|---|---|---|
| రాగి + ఇరిడియం | 0.021 | ఇరిడియం శాతంతో పెరుగుతుంది | ఎలక్ట్రాన్‌ని తిప్పుతుంది | యాంగిల్ చిన్నది |
| రాగి + బిస్మత్ | మైనస్ 0.24, 10 కెల్విన్ దగ్గర | బిస్మత్ శాతంతో పెరుగుతుంది | ఎలక్ట్రాన్‌ని తిప్పుతుంది | బిస్మత్ నిలవదు |
| బంగారం + టంగ్‌స్టన్ | 0.1 పైన | బంగారం కన్నా బాగా ఎక్కువ | ఎలక్ట్రాన్‌ని తిప్పుతుంది | ఖర్చు |
| బీటా టాంటలం | మైనస్ 0.12 నుంచి మైనస్ 0.15 | 190 | లేదు | వేడి, షంటింగ్ |
| బీటా టంగ్‌స్టన్ | మైనస్ 0.30 | 100 నుంచి 300 | ఆక్సిజన్ ఫేజ్‌ని నిలబెడుతుంది | ఫేజ్ మారిపోతుంది |
| ప్లాటినం | 0.05 నుంచి 0.1 | 20 నుంచి పైకి | అడ్డుపడి యాంగిల్ పెంచుతుంది | కొలిచే పద్ధతిని బట్టి నంబర్ మారుతుంది |
| బంగారం 25 + ప్లాటినం 75 | 0.35 | 83 | అడ్డుపడి యాంగిల్ పెంచుతుంది | ఖర్చు |

## రాగి, ఇరిడియం: నమ్మకంగా అర్థమయ్యే జత

దీని చరిత్ర నాకు చాలా ఇష్టం. 1981లోనే ఆల్బర్ట్ ఫెర్ట్, ఇద్దరు సహచరులు కలిసి రాగిలో కొంచెం మాంగనీస్ వేసి, దాంతో కరెంట్‌ని స్పిన్ పరంగా వేరుచేసి, ఆ కరెంట్‌ని ఇరిడియం, టాంటలం, లుటీషియం లాంటి అణువుల మీదికి పంపించి హాల్ వోల్టేజ్ (కరెంట్‌కి అడ్డంగా పుట్టే వోల్టేజ్) చూశారు. స్పిన్ హాల్ ఎఫెక్ట్ అన్న పేరు పుట్టడానికి 18 ఏళ్ళ ముందు! లుటీషియం ఒక గుర్తు ఇచ్చింది, ఇరిడియం వ్యతిరేక గుర్తు ఇచ్చింది, అంటే ఏ ఎలిమెంట్ వేశామన్నదే ఎటు తిరగాలో నిర్ణయిస్తోంది. ఫెర్ట్‌కి 2007లో నోబెల్ వచ్చింది జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్‌కి అనుకోండి, కానీ 2011లో మళ్ళీ ఈ సబ్జెక్ట్‌కే వచ్చి లెవీతో కలిసి థియరీ రాశాడు.

అదే 2011లో జపాన్‌లో నీమి, ఒటానీ వాళ్ళ బృందం రాగిలో ఇరిడియం శాతాన్ని 12 వరకు పెంచుకుంటూ పోయి, ఒక్కో తీగలో స్పిన్ హాల్ రెసిస్టివిటీ కొలిచి, కల్తీ వల్ల వచ్చిన రెసిస్టివిటీకి ఎదురుగా గ్రాఫ్ గీశారు. చక్కటి సరళరేఖ, వాలు 2.1 శాతం, అంటే యాంగిల్ 0.021. స్క్యూ స్కాటరింగ్ అని చెప్పడానికి ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం నేను చూళ్ళేదు. శుద్ధమైన రాగిలో ఈ ఎఫెక్ట్ దాదాపు లేదు కాబట్టి వచ్చిన సిగ్నల్ అంతా కల్తీదే అని ధైర్యంగా అనొచ్చు, ప్లాటినంలో ఆ సౌకర్యం లేదు.

డివైస్‌కి మాత్రం దీన్ని ఎంచుకోకండి. రెసిస్టివిటీ ప్లాటినంతో సమానంగా 20 అనే అనుకున్నా, 0.021 యాంగిల్‌కి మన వేడి లెక్క 45,000 వస్తుంది.

## రాగి, బిస్మత్: కాగితం మీద ఛాంపియన్

2012లో అదే బృందం ఇరిడియం బదులు బిస్మత్ వేసింది, అర శాతమే, యాంగిల్ మైనస్ 0.24 వచ్చింది. రెండేళ్ళ ముందే గ్రాడ్‌హాండ్, మెర్టిగ్ వాళ్ళు రాగిలో బిస్మత్ గొప్పగా పనిచేస్తుందని లెక్కగట్టి 0.08 దాకా చెప్పారు, కొలత దానికి మూడు రెట్లు. ఎందుకు ఇంత అంటే రాగి తేలిక, బిస్మత్ బాగా బరువు, ఈ రెంటి స్పిన్ ఆర్బిట్ కప్లింగ్ తేడానే పెద్దది, పైగా బిస్మత్ బయటి ఎలక్ట్రాన్లు పీ ఆర్బిటల్‌వి.

ఉదాహరణకి రెసిస్టివిటీ 10 అనుకుని వేడి లెక్క వేయండి, 175 దగ్గర వస్తుంది, పైన చెప్పినవాటిలో దేనికీ అంత తక్కువ రాదు. నేనూ ఇదే లెక్క వేసుకుని దూకాను. మేము చేసిన ఫిల్మ్స్ మొదటి రోజు బాగానే ఉన్నాయి, లితోగ్రఫీకోసం (ఫిల్మ్‌ని తీగల ఆకారంలోకి తెచ్చే పని) దానిమీద పూసే రెసిస్ట్‌ని 180 డిగ్రీల దగ్గర రెండు మూడుసార్లు బేక్ చేశాక రెసిస్టెన్స్ తగ్గింది, సిగ్నల్ కూడా తగ్గింది, మాకు కారణం అర్థమవ్వడానికి నాలుగు నెలలు పట్టింది. బిస్మత్ రాగి గ్రెయిన్ల (చిన్న చిన్న క్రిస్టల్ ముక్కల) మధ్య సందుల్లోకి వెళ్ళిపోయింది. ఇది మెటలర్జీ వాళ్ళని అడిగుంటే మొదటి రోజే చెప్పేవాళ్ళు, రాగిలో బిస్మత్ కరగడం చాలా చాలా తక్కువ, కొంచెం పడినా గ్రెయిన్ బౌండరీల్లో చేరి రాగి పెళుసైపోతుందని వాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు. బిస్మత్ కరిగే ఉష్ణోగ్రత 271 డిగ్రీలే, 400 డిగ్రీల ప్రాసెస్ మాట మర్చిపోండి. స్పటరింగ్‌లో (టార్గెట్ నుంచి అణువులు రాల్చి ఫిల్మ్ వేసే పద్ధతి) అణువులు ఉన్నచోటే గడ్డకట్టుకుంటాయి కాబట్టి అర శాతం దాకా బతికించొచ్చు, ఆపైన సరళరేఖ వంగిపోతుంది.

ఇంకో విషయం, ఆ 0.24 పది కెల్విన్ దగ్గర. రూమ్ టెంపరేచర్‌లో రాగికి ఫోనాన్ల (అణువుల కంపనాల) వల్లే 1.7 మైక్రో ఓమ్ సెంటీమీటర్ రెసిస్టివిటీ ఉంటుంది, ఆ గుద్దుళ్ళు స్పిన్‌ని బట్టి తిప్పవు, కాబట్టి కల్తీ కొంచెమే ఉన్నప్పుడు దాని వంతు పలచబడుతుంది. ఇరిడియం లాగా పది శాతం వేసి దీన్ని తట్టుకుందామంటే బిస్మత్ అంత పట్టదు. విశ్లేషణ కూడా జాగ్రత్త, దీంట్లో స్పిన్ డిఫ్యూజన్ లెంగ్త్ తీగ మందం కన్నా ఎక్కువ, స్పిన్ పక్కలకి కూడా పాకుతుంది, వన్ డైమెన్షన్ మోడల్‌తో చేస్తే యాంగిల్ తక్కువ చూపిస్తుంది, త్రీ డైమెన్షన్ లెక్క చేయాల్సిందే.

## బంగారం: ఏ కల్తీ పనిచేస్తోందో తెలీకపోతే

22 క్యారెట్ నగలో రాగి కలుపుతారు, గట్టిదనం కోసమని కంసాలికీ తెలుసు మనకీ తెలుసు. 2008లో బంగారంతో చేసిన ఒక ప్రయోగంలో ఏం కలిసిందో చేసినవాళ్ళకే మొదట తెలియలేదు. జపాన్‌లో సెండైలో ఐరన్ ప్లాటినం నుంచి బంగారంలోకి స్పిన్ పంపి రూమ్ టెంపరేచర్‌లో 0.11 యాంగిల్ కొలిచారు, బంగారానికి అంత ఉంటుందని ఎవరూ అనుకోలేదు. మరుసటి ఏడాది అమెరికాలో ఆర్గోన్ నేషనల్ ల్యాబ్‌లో బంగారం ఒక్కదాంతోనే హాల్ బార్ చేసి చూస్తే అంత ఎఫెక్ట్ కనపడలేదు, 0.023 కన్నా తక్కువే అన్నారు. థియరీ వాళ్ళు దిగి, బంగారంలో ఇనుప అణువులున్నాయేమో అని ఒకరు, ప్లాటినం అణువులు పైపొరలో చేరాయేమో అని ఇంకొకరు లెక్కలు వేశారు. రెండూ స్పిన్ పంపిన ఆ ఐరన్ ప్లాటినంలో ఉన్న ఎలిమెంట్లే!

అందుకే నా సలహా, బంగారం వాడితే కావాలని కలపండి, ఎంత కలిపారో కొలవండి. ఫ్రాన్స్‌లో లాచ్‌కౌస్కీ వాళ్ళు 2014లో 7 శాతం టంగ్‌స్టన్ కలిపి 10 శాతం పైన యాంగిల్ చూపించారు, 2017లో టాంటలం కలిపి సైడ్ జంప్‌తో 0.5 దాకా వెళ్ళారు. బంగారం తుప్పు పట్టదు, ఫిల్మ్ మీద ఆక్సైడ్ గొడవ ఉండదు, కల్తీ పడ్డాక స్పిన్ డిఫ్యూజన్ లెంగ్త్ చిన్నదవుతుంది కాబట్టి ఫిల్మ్ పలచగా సరిపోతుంది. టార్గెట్ ధర గురించి మీ గైడ్‌తో ముందే మాట్లాడుకోండి.

## టాంటలం, టంగ్‌స్టన్

2012లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో బుర్మన్, రాల్ఫ్ బృందం బీటా టాంటలంతో మాగ్నెట్‌ని తిప్పి చూపించాక ఫీల్డ్ అంతా డివైసుల వైపు తిరిగింది. అదే ఏడాది బీటా టంగ్‌స్టన్‌తో 0.30 వచ్చింది. ధర తక్కువ, టార్గెట్ ఏ ల్యాబ్‌లో అయినా దొరుకుతుంది. టంగ్‌స్టన్‌తో చిక్కు ఫేజ్, పలచగా 5 నానోమీటర్ల దగ్గర బీటా, మందం పెరిగినా వేడి తగిలినా ఆల్ఫా అవుతుంది, ఆల్ఫా యాంగిల్ 0.07 కన్నా తక్కువ. ఎక్స్ రే డిఫ్రాక్షన్ తీయకుండా, రెసిస్టివిటీ చూడకుండా "టంగ్‌స్టన్ ఫిల్మ్" అని రాసుకోకండి. 2016లో ఐబీఎం వాళ్ళు స్పటరింగ్‌లో కొంచెం ఆక్సిజన్ వదిలి మైనస్ 0.5 దాకా చూపించారు. ఈ కల్తీ ఎలక్ట్రాన్లని తిప్పి సాయం చేయలేదు, బీటా ఫేజ్‌ని కూలిపోకుండా పట్టుకుంది. వేడి లెక్కలో బీటా టంగ్‌స్టన్ 200 రెసిస్టివిటీ, 0.30 యాంగిల్‌కి 2,200, ప్లాటినంలో సగం.

## ప్లాటినం, దాంట్లో బంగారం

ప్లాటినం వేస్తే ఫిల్మ్ పాడవ్వదు, అందరి దగ్గరా ఉంటుంది, పోల్చుకోడానికి వందల పేపర్లున్నాయి. కానీ ఆ పేపర్లలో నంబర్లు 2007లో కొలిచిన 0.0037 నుంచి తర్వాతి రోజుల్లో 0.1 దాకా పోతాయి. కొంత పద్ధతి తేడా, కొంత ఫిల్మ్ మురికి తేడా. 2016లో స్పెయిన్‌లో సగస్తా వాళ్ళు రకరకాల శుద్ధి ఉన్న ప్లాటినం తీగలు పోల్చి ఇది తేల్చారు, మామూలు మురికి ఉన్నంతసేపు ఇంట్రిన్సిక్‌దే పైచేయి, స్పిన్ హాల్ కండక్టివిటీ మారదు, యాంగిల్ రెసిస్టివిటీతో పెరుగుతుంది, మరీ శుద్ధమైన ప్లాటినంలో స్క్యూ స్కాటరింగ్ గెలుస్తుంది. ఇది తెలిసాక రెండు పేపర్ల యాంగిల్స్ పక్కపక్కన పెట్టి పోల్చాలంటే రెసిస్టివిటీ కూడా పక్కన రాసుకోవాల్సిందే.

ఆ అవగాహననే కార్నెల్ వాళ్ళు 2018లో వాడుకున్నారు, ప్లాటినంలో నాలుగో వంతు బంగారం కలిపారు. రెండూ ఒకే క్రిస్టల్ నిర్మాణం, స్పటరింగ్ ఫిల్మ్‌లో ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి, బ్యాండ్ స్ట్రక్చర్ పెద్దగా చెడదు, కానీ అణువులు కలగాపులగమై రెసిస్టివిటీ 83కి పెరిగింది, టార్క్ ఎఫిషియెన్సీ (మాగ్నెట్‌ని తిప్పడానికి నిజంగా చేతికొచ్చే యాంగిల్) 0.35. వేడి లెక్క 680. అడ్డుపడే కల్తీని ఎంత పెట్టాలో అంతే పెట్టడం అంటే ఇదీ, డివైస్ చేసేవాళ్ళకి నేను మొదట చెప్పే పేరు ఇదే.

## ఎవరికి ఏది

ఎమ్మెస్సీ ప్రాజెక్ట్, ఆరు నెలలే టైమ్, ఈ-బీమ్ (ఎలక్ట్రాన్ బీమ్‌తో సన్నని తీగలు గీసే లితోగ్రఫీ) లేదు, లాక్-ఇన్ (చిన్న ఏసీ సిగ్నల్ కొలిచే యాంప్లిఫయర్) ఉంది అంటే ప్లాటినం లేదా టాంటలం తీసుకుని హార్మోనిక్ హాల్ (ఏసీ కరెంట్ పెట్టి హాల్ వోల్టేజ్‌లో రెట్టింపు ఫ్రీక్వెన్సీ భాగం చూసే పద్ధతి) చేయండి, మందం మారుస్తూ కనీసం నాలుగైదు శాంపిల్స్ చేయండి, ఒక్క మందంతో వచ్చిన యాంగిల్‌ని నమ్మొద్దు. మైక్రోవేవ్ సోర్స్ ఉంటే స్పిన్ టార్క్ ఎఫ్ఎమ్ఆర్ (మైక్రోవేవ్‌తో మాగ్నెట్‌ని ఊపి టార్క్ కొలిచే పద్ధతి), ఫోటోలితోగ్రఫీ చాలు.

మెమరీ డివైస్‌లో మాగ్నెట్‌ని తిప్పడమే లక్ష్యమైతే, గ్రాంట్ ఉంటే బంగారం ప్లాటినం, లేకపోతే బీటా టంగ్‌స్టన్, ఫేజ్‌ని కాపాడుకునే ఓపికతో. ఇక్కడ ఇంకో ధైర్యం చెప్తా, యాంగిల్ ఒకటి కన్నా తక్కువైనా భయపడకండి, చార్జ్ కరెంట్ పోయేది ఫిల్మ్ పలచని అడ్డుకోత గుండా, స్పిన్ కరెంట్ వచ్చేది వెడల్పాటి ఇంటర్‌ఫేస్ అంతటి నుంచీ, పొడవుని మందంతో భాగిస్తే ఎంతొస్తే అన్ని రెట్లు కలిసొస్తుంది.

థియరీ వాళ్ళకి రాగిలో బిస్మత్ ఇంకా మంచి సబ్జెక్టే, లెక్కకీ కొలతకీ మధ్య ఎడం ఉంది కాబట్టి. ప్రయోగం చేసేవాళ్ళు మొదటి శాంపిల్‌గా దాన్ని పట్టుకోవద్దని చేతులు పట్టుకుని అడుగుతున్నా.

కల్తీ ఎలక్ట్రాన్‌ని ఎలా తిప్పుతుందో అర్థం చేసుకోవాలన్నదే మీ పీహెచ్‌డీ ప్రశ్న అయితే, ఈ-బీమ్, క్రయోస్టాట్ (శాంపిల్‌ని బాగా చల్లబరిచే పరికరం) రెండూ ఉంటే, రాగి ఇరిడియం. ఇరిడియం ఖరీదే, కానీ అల్లాయ్ టార్గెట్ అక్కర్లేదు, రాగి టార్గెట్ మీద చిన్న ముక్కలు పెట్టి ముక్కల సంఖ్య మారిస్తే శాతం మారుతుంది, తర్వాత ఎంత పడిందో విడిగా కొలుచుకోవాలి.

మా వాడు చివరికి ఇదే తీసుకున్నాడు. ఇరిడియం మూడు శాతాలు చేస్తా అన్నాడు, నేను నాలుగోది కూడా చేయమన్నా, అదే లితోగ్రఫీ, అదే బేక్, అదే చాంబర్, కానీ ఇరిడియం ముక్క ఒక్కటి కూడా లేని వట్టి రాగి తీగ. దాంట్లో సిగ్నల్ సున్నా వచ్చాకే మిగతా మూడు తీగలు కొలవమని చెప్పా.